ఎడమ మూలన కూర్చున్నామె

శని, ఆదివారాల్లో సాయంత్రం నాలుగింటికి ఫిల్మ్‌నగర్‌లో ఒక డబ్బింగ్ థియేటర్ పై అంతస్తులో నాటకం ఆడేవారు. హాలు చిన్నది, ఎనభై కుర్చీలు పడతాయి. కింద మైకు ముందు ఎవరో హీరోయిన్ తరఫున వెక్కి వెక్కి ఏడుస్తుంటే, పైన వేదిక మీద నలుగురు మనుషులు నోరు మెదపకుండా నిలబడి ఉండేవారు. అలవాటైన ప్రేక్షకులు రెండూ కలిపే చూసేవారు. కొందరైతే ఆ ఏడుపు నాటకంలోదే అనుకుని మెచ్చుకునేవారు కూడా.

నాటకం పేరు ‘ఎదురుగోడ’. రాసిందీ ఆడించిందీ మనోజ. ఆమెది తెనాలి. ముప్పై ఆరేళ్ళు. పదకొండేళ్ళుగా సినిమాల్లో అసిస్టెంటుగా, తర్వాత కో-డైరెక్టరుగా చాకిరీ చేసింది. దర్శకత్వం అన్న మాట కింద తన పేరు ఒక్కసారి పడితే చాలన్నది ఆమె కోరిక. ఆ కోరికను వినని ఆఫీసు జూబ్లీ హిల్స్‌లో లేదు, తీర్చిన ఆఫీసూ లేదు. చివరికి విసుగొచ్చి, ఉన్న నలుగురు స్నేహితుల్ని పోగేసి నాటకం మొదలుపెట్టింది.

కథంటూ పెద్దగా ఏమీ లేదు. వేదిక మీద ఒక అట్ట గోడ ఉంటుంది. రంగం మారినప్పుడల్లా అది ఒక అడుగు ప్రేక్షకుల వైపు జరుగుతుంది. ఆఖరి రంగంలో మొదటి వరసవాళ్ళ మోకాళ్ళకు తగులుతుంది. అక్కడితో అయిపోతుంది. ఆ తర్వాత అందరికీ అల్లం టీ ఇచ్చి అభిప్రాయాలు అడుగుతారు. అసలు నాటకం అప్పుడే మొదలయ్యేది. గోడ అంటే కులం అని ఒకరు, కులం కాదు సెల్‌ఫోన్ అని మరొకరు. ఒకావిడ భర్తను పక్కన కూర్చోబెట్టుకునే గోడ అంటే పెళ్ళి అంది. ఫిల్మ్‌నగర్‌లో ఎవరైనా టీ గ్లాసు బోర్లించి పెడితే దానికి కూడా లోతైన అర్థం చెప్పేవాళ్ళు దొరుకుతారు. మనోజ అన్నింటికీ తలూపేది. గోడ ఎందుకు పెట్టిందో ఆమెకే సరిగ్గా తెలియదు.

వేదిక ఎడమ మూలన ఒకామె కూర్చుని ఉండేది. ఒళ్ళో చేట, చేటలో బియ్యం. మొదలైన దగ్గర్నుంచి అయ్యేదాకా తలెత్తకుండా రాళ్ళు ఏరుతూనే ఉండేది. నెరిసిన జుట్టు, ముతక చీర, మొహం నిండా దట్టంగా మేకప్. ఆమెను ఎవరూ పెట్టలేదు. స్క్రిప్టులో ఆమె లేదు. మొదటి ప్రదర్శన నాడు లైటు వెలిగేసరికి అక్కడ ఉంది, ఆఖరి లైటు ఆరేసరికి లేదు. లైట్లు చూసుకునే సాయిశ్రీనివాస్ రెండో వారం నుంచి ఆమె మీదికి ఒక చిన్న లైటు వదిలాడు. చీకట్లో రాళ్ళేరితే పెద్దావిడ కళ్ళు పాడవుతాయని అతని బాధ. ఆ తర్వాత ఆమె సంగతి ఎవరూ మాట్లాడుకోలేదు.

ప్రేక్షకులు మాత్రం ఊరుకుంటారా? శ్రీనగర్ కాలనీ నుంచి ఆంజనేయులు గారని ఒక రిటైరైన తెలుగు లెక్చరర్ వచ్చేవారు. ఆయన టీ గ్లాసు పక్కన పెట్టి, గొంతు సవరించుకుని, “ఆ మూలన ఉన్నావిడ నిరీక్షణ” అన్నారు. మర్నాటి నుంచి ఆయన కాలనీ బస్టాపులో నిలబడి ఉన్నారు. ఏ బస్సూ ఎక్కరు. ఆయన భార్య మధ్యాహ్నం క్యారేజీ, వర్షం వస్తే గొడుగు పంపిస్తోంది. నిహారిక అనే అమ్మాయి యూట్యూబ్‌లో సమీక్షలు చెప్తుంది. ఆమె “మౌనం” అంది. అప్పటి నుంచి ఆమె వీడియోల్లో పెదాలు కదులుతాయి, మాట వినపడదు. చూసేవాళ్ళు మాత్రం పెరిగారు. “ఆకలి” అన్న బ్యాంకు ఆఫీసరు ఇప్పుడు పన్నెండు ఇడ్లీలు తిని పదమూడో దాని వైపు కన్నీళ్ళతో చూస్తున్నాడట. నాని అనే కుర్రాడు కాస్త తెలివి ఉపయోగించి “ఆవిడ సాక్షాత్తూ ఐశ్వర్యం” అన్నాడు. అతనికి ఏమీ కాలేదు. ఉన్న ఉద్యోగమే ఉంది, ఉన్న బైకే ఉంది. దాంతో అందరికీ విషయం అర్థమైంది. నిజంగా ఆమెలో ఏది కనిపించి చెప్తే అదే చెప్పినవాళ్ళకు తగులుతుంది. ఊరికే అంటే తగలదు. అప్పటి నుంచి జనం గోడ గురించే మాట్లాడేవారు.

వెంకటేశ్వరరావు అనే నిర్మాత ఒక శనివారం భార్య రాజ్యలక్ష్మితో వచ్చి నాటకం చూశాడు. భీమవరం మనిషి, మెత్తగా మాట్లాడతాడు. గోడ వచ్చి మోకాళ్ళకు తగిలినప్పుడు ఆయన కళ్ళు తుడుచుకోవడం మనోజ వెనక వరసలోంచి చూసింది. మూడో రోజు జూబ్లీ హిల్స్‌లోని ఆఫీసుకు పిలిపించాడు. ఈ నాటకాన్ని సినిమాగా తీస్తానన్నాడు. దర్శకత్వం ఆమెదే అన్నాడు. మనోజ కాళ్ళు నేల మీద ఆనలేదు. పదకొండేళ్ళ పాటు ఈ మాట ఎన్ని రకాలుగా వినాలనుకుందో, వాటిలో ఏ రకంగానూ కాకుండా ఇంత మామూలుగా వినేసింది.

అప్పుడాయన, “ఆ మూలన కూర్చున్నామె ఎవరమ్మా?” అని అడిగాడు. ఇంటర్వెల్ ఆమె మీదే పడాలట. ఆమె దేనికి గుర్తో తేలకుండా కొబ్బరికాయ కొట్టేది లేదట.

కాలం అనుకోవచ్చండీ, జ్ఞాపకం అనుకోవచ్చండీ అని మనోజ ఏదో చెప్పబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

“అనుకోవచ్చు కాదమ్మా. నువ్వు చెప్తే నీకు తగలాలి. తగల్లేదంటే నీకూ తెలియదన్నట్టే. తెలియనివాళ్ళ చేతిలో సినిమా ఎలా పెట్టను?”

అందులో తప్పు పట్టడానికేం లేదు. ఆదివారం నాటకానికి మళ్ళీ వస్తానని, ఆ లోగా ఆలోచించుకోమని చెప్పి కాఫీ తెప్పించాడు.

మనోజ ఉండేది శ్రీనగర్ కాలనీలో, స్ఫూర్తి అనే డబ్బింగ్ ఆర్టిస్టుతో కలిసి ఒకే ఫ్లాట్‌లో. తగిలినా బతకడానికి ఇబ్బంది లేని అర్థం ఏదైనా చూసుకోమని స్ఫూర్తి సలహా ఇచ్చింది. ఓపిక అయితే మంచిదంది, ఎలాగూ నీకు కాస్త అవసరమే అని కూడా అంది. మనోజ అద్దం ముందు నిలబడి “ఆమె ఓపిక” అని చెప్పి కాసేపు చూసింది. గీజరు నీళ్ళు వేడెక్కలేదని అరగంటలోనే చిరాకు పడింది. మర్నాడు “తల్లి” అని చెప్పి సాయంత్రం దాకా ఎదురుచూసింది. “కాలం” అంది. “నేల” అంది. ఏదీ తగల్లేదు. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. ఇన్నాళ్ళూ ఇతరులు చెప్పిన అర్థాలకు తలూపిన మనిషికి, తన వేదిక మీద కూర్చున్న మనిషిలో ఏమీ కనిపించడం లేదు.

శనివారం మనోజ వెనక వరసలో కూర్చోలేదు. వేదిక ఎడమ పక్కన తెర చాటున స్టూలు వేసుకుని కూర్చుంది. ఆమెకూ ఆ ముసలావిడకూ మధ్య రెండు మూరల దూరం. అంత దగ్గర్నుంచి చూడటం అదే మొదలు. అక్కడ చలిగా ఉంది. చేటలో బియ్యం కదులుతున్నా చప్పుడు రావడం లేదు. మొహం మీద మేకప్ ఒక పొర కాదు, ఎన్నో వారాల పూత, ఒకదాని మీద ఒకటి. పక్క నుంచి చూస్తే ముక్కు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలియడం లేదు.

ఆమె పెదాలు కదులుతున్నాయి. మనోజ చెవి పెట్టి వింది.

“ఇంకో గుప్పెడే ఉంది. ఇది అయిపోతే లేస్తాను. ఎవరూ తొందరపెట్టకండి.”

ఆ మాటలు మనోజ రాసినవే. నాటకం మొదటి ప్రతిలో రాసింది. గోడ జరుగుతున్నా పట్టించుకోకుండా బియ్యం ఏరుకునే ఒక అవ్వ పాత్ర. దానికోసం భూలక్ష్మి అని బోరబండలో ఉండే పాత రంగస్థలం ఆర్టిస్టును పిలిపించింది. ఆమె రెండు నెలలు, రెండు బస్సులు మారి, మనోజ ఫ్లాట్‌కు వచ్చి హాల్లో చాప మీద కూర్చుని రిహార్సల్ చేసింది. తర్వాత ఎవరో తెలివైన స్నేహితుడు స్క్రిప్టు చదివి ఈ అవ్వ దేనికీ సింబల్ కాదు, తీసెయ్ అన్నాడు. మనోజ తీసేసింది. భూలక్ష్మికి సాయిశ్రీనివాస్ చెప్తాడులే అని మనోజ అనుకుంది. మేడం చెప్పే ఉంటుందని సాయిశ్రీనివాస్ అనుకున్నాడు.

సినిమాల్లో ఇది రోజూ జరిగేదే. ఎడిటింగ్‌లో పాత్ర ఎగిరిపోతుంది. ఆ వేషం కట్టినవాళ్ళు ఇంటిల్లిపాదినీ తీసుకుని థియేటర్‌కు వెళ్ళి, ఆఖరి దాకా చూసి, తాము అందులో లేమని అక్కడే తెలుసుకుంటారు. ఎవరూ ఫోన్ చేయరు. మనోజ కూడా అలాంటి ఫోన్లు ఎన్నో చేయకుండా వదిలేసింది. కానీ రెండు నెలలు తన ఇంట్లో తన చేత్తో ఇచ్చిన మజ్జిగ తాగిన మనిషిని గుర్తుపట్టలేకపోయినందుకు ఆమెకు సిగ్గేసింది. ఆ రోజు టీ కూడా తాగకుండా ఇంటికి వెళ్ళిపోయింది.

ఆదివారం పొద్దున్నే బోరబండ వెళ్ళింది. రైల్వే స్టేషన్ దాటి, మెట్లెక్కి, నలుగురిని అడిగి ఇల్లు పట్టుకుంది. భూలక్ష్మి కోడలు శాంత గుమ్మంలో బట్టలు ఆరేస్తోంది. నాటకం వాళ్ళనగానే ఆమె చేతిలోని బట్ట బకెట్లో పడేసి, లోపలికి రమ్మంది. కోపం కంటే అలసటే ఎక్కువగా ఉంది ఆమెలో.

“నాలుగు నెలలాయెనమ్మ, మేకప్ తియ్యది. పని అయిపోయిందని ఎవ్వరు ప్యాకప్ చెప్పలే అంటది. మేమే కడుగుదామంటే పోతలేదు. శనివారం, ఆయితారం నాలుగు కొట్టంగనే మనిషి గీడనే కూసుంటది గాని ఉండది. పిలిస్తే పలకది. మీ దగ్గరికే వస్తదనుకుంట.”

వస్తుందని మనోజ తలూపింది. అన్నం సరిగా తినడం లేదని, వారం వారం తేలికైపోతోందని శాంత చెప్పింది. ఇంతలో శాంత కూతురు వర్ణిక, ఎనిమిదేళ్ళ పిల్ల, నాయనమ్మను లోపలి గదిలోంచి ఒక చేత్తో ఎత్తుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. రెండో చేతిలో నీళ్ళ సీసా ఉంది. పిల్లకు అలవాటైన పనేమో, నాయనమ్మ కొంగు సర్ది ఆడుకోవడానికి వెళ్ళిపోయింది.

భూలక్ష్మి మనోజను వెంటనే గుర్తుపట్టింది. షో బాగా పోతోందా బిడ్డా అని అడిగింది. గొంతు మాత్రమే మనిషిది. మేకప్ వెనక కళ్ళు ఉన్నాయో లేదో కనిపించలేదు.

మనోజ ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని విషయం చెప్పేసింది. మీ పాత్ర ఎప్పుడో తీసేశాను, మీరిక రావక్కర్లేదు, నన్ను క్షమించండి అంది. భూలక్ష్మి శ్రద్ధగా విని, చిన్నపిల్ల తప్పు దిద్దినట్టు నవ్వింది.

“ఇంట్ల చెప్తే ఎట్ల బిడ్డా? ముప్పై ఏండ్ల సంది చేస్తున్న. ప్యాకప్ అంటే లైటు ముంగట చెప్పాలె. ఎవరు పెట్టిండ్రో, ఎవరు తీసిండ్రో వాళ్ళే చెప్పాలె.”

వచ్చే వారానికి అత్తమ్మ ఉంటుందో ఉండదో అని శాంత గుమ్మం దాకా వచ్చి మెల్లగా అంది.

ఆటోలో కూర్చున్నాక మనోజకు భయం పట్టుకుంది. వేదిక మీద, లైటు ముందు, ఆమె ఎవరో చెప్పడమంటే అర్థం చెప్పడమే. ఇంతవరకూ చెప్పినవాళ్ళందరి కంటే అది నిజం. కచ్చితంగా తగులుతుంది. ‘తనను తీసేశారని తెలియని మనిషి.’ అది తగిలితే ఏమవుతుందో ఊహించడానికి ఆమెకు పెద్దగా తెలివి అక్కర్లేదు. వచ్చే వారం చెప్పొచ్చు. ముందు ఏదో ఒక చిన్న నిజం వెతుక్కుని నిర్మాతకు చెప్పి, సంతకం అయ్యాక, షూటింగ్ మొదలయ్యాక చెప్పొచ్చు. యూసఫ్‌గూడ దాటేదాకా ఆమె అలాగే అనుకుంటూ వచ్చింది. మధ్య మధ్యలో ఆ పిల్ల ఒంటిచేత్తో నాయనమ్మను ఎత్తుకోవడం కళ్ళ ముందుకు వస్తోంది. హాలు ముందు ఆటో దిగేసరికి ఆమె ఏడుస్తోంది. సినిమా కోసం ఏడుస్తోందని ఆమెకు తెలుసు.

నాలుగింటికి లైటు వెలిగింది. మూలన భూలక్ష్మి ఉంది. మొదటి వరసలో వెంకటేశ్వరరావు దంపతులు ఉన్నారు. గోడ ఒక్కో అడుగే జరుగుతూ వచ్చి ఆయన మోకాళ్ళకు తగిలి ఆగింది. సాయిశ్రీనివాస్ లైటు ఆర్పబోతుంటే మనోజ వద్దని సైగ చేసి వేదిక ఎక్కింది. ఇలాంటిది స్క్రిప్టులో లేకపోయినా నటులు నలుగురూ పక్కకు జరిగారు. ప్రయోగాత్మక నాటకంలో ఎవరు ఎప్పుడు వేదిక ఎక్కినా ఎవరూ కంగారుపడరు.

ఆమె మూలకు వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది. అందరికీ వినపడేలా చెప్పింది.

“భూలక్ష్మి గారూ, మీ పాత్రను నేనే తీసేశాను. తీసేసి నాలుగు నెలలైంది. మీకు చెప్పాల్సింది నేను. చెప్పలేదు. ప్యాకప్.”

బియ్యం మీద వేళ్ళు ఆగాయి. భూలక్ష్మి తలెత్తడం ఆ హాల్లో ఎవరైనా చూడటం అదే మొదటిసారి.

“బాగ చెయ్యలేదా బిడ్డా?”

“చాలా బాగా చేశారు. నాకే తెలియలేదు.”

భూలక్ష్మి చేట కింద పెట్టింది. కొంగుతో మొహం తుడుచుకుంది. ఒక్కసారి తుడిస్తే నాలుగు నెలల మేకప్ కొంగుకు వచ్చేసింది. లోపల చామనఛాయ మొహం, ఎడమ చెంప మీద పుట్టుమచ్చ, బాగా ఆకలి మీదున్న కళ్ళు. లేచి నిలబడితే వేదిక చెక్కలు ఆమె బరువుకు కిర్రుమన్నాయి. తినడానికేమన్నా ఉందా అని అడిగింది. ఎవరో బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చారు. జనం లేచి చప్పట్లు కొట్టారు.

వెంకటేశ్వరరావు కళ్ళు తుడుచుకుంటూ పైకి వచ్చి, ఇదే మన ఇంటర్వెల్, ఇదే మన సినిమా అన్నాడు. అంటున్నప్పుడు ఆయన మనోజ ముందే నిలబడి ఉన్నాడు, చూపు మాత్రం ఆమె భుజం మీదుగా సాయిశ్రీనివాస్ మీద ఉంది. తర్వాత అల్లం టీ వచ్చింది. మనోజ దాకా వచ్చేసరికి ట్రేలో గ్లాసులు అయిపోయాయి. మళ్ళీ తెస్తామన్నవాళ్ళు తేలేదు. మనోజ నవ్వుతూ అందరితో మాట్లాడింది. ఆమెకేమీ తేడా తెలియలేదు. తగిలిందే అది కదా, తెలియకపోవడం.

నెల తిరగ్గానే పూజ జరిగింది. ఆ వెనకే జూబ్లీ హిల్స్‌లో ఒక పెద్ద ఇంట్లో షూటింగ్ మొదలైంది. మనోజ రోజూ అందరికంటే ముందే స్క్రిప్టు ఫైలుతో వెళ్తుంది. గేటు దగ్గర నమస్కారం పెడతారు. కుర్చీ వేస్తారు. భోజనాల వేళ కూర వడ్డిస్తారు. ఎవరూ అగౌరవం చేయరు. మానిటర్ ముందు మాత్రం సాయిశ్రీనివాస్ కూర్చుని యాక్షన్ చెప్తాడు. ఈ వారం అతను అన్నీ సెట్ చేసి పెడుతున్నాడు, తన షాట్ వచ్చినప్పుడు పిలుస్తారు అని మనోజ అనుకుంటుంది. స్ఫూర్తి ఫోన్ చేసి సినిమా ఎలా వస్తోందని అడిగితే బాగా వస్తోందని చెప్తుంది. నాలుగో వారానికి ఆమె బట్టలు వదులయ్యాయి. ఒకరోజు ఫ్యాన్ గాలికి కుర్చీతో సహా అడుగు దూరం జరిగింది.

అవ్వ వేషం భూలక్ష్మికే ఇచ్చారు. ఆమె మొదటి రోజే వచ్చి మనోజను చూసింది, చూడగానే తెలుసుకుంది. నీ పని అయిపోయింది, ఇంటికి పో బిడ్డా అని రోజూ చెప్పి చూసింది. మనోజ నవ్వి, ఇంకో షాట్ ఉందమ్మా అనేది. దాంతో భూలక్ష్మి మొత్తం యూనిట్‌ను అడగడం మొదలుపెట్టింది. ఈ పిల్లను తీసింది ఎవరు, ఎవరు తీస్తే వాళ్ళు వచ్చి చెప్పండి అంది. మేనేజర్ ఆఫీసువాళ్ళన్నాడు. ఆఫీసువాళ్ళు నిర్మాత గారన్నారు. వెంకటేశ్వరరావు చాలాసేపు ఆలోచించి, సాయి చూసుకున్నాడనుకుంటానమ్మా అన్నాడు. సాయిశ్రీనివాస్ నుదురు రుద్దుకున్నాడు. మేడం తనే వద్దనుకుందని ఎవరో చెప్పినట్టు గుర్తు, ఎవరు చెప్పారో గుర్తులేదు. అతను అబద్ధం ఆడటం లేదు. ఆమెను తీసేసినవాళ్ళు ఎవరూ లేరు.

ఆ సాయంత్రం ఐదింటికి ప్యాకప్ చెప్పారు. భూలక్ష్మి పేరు పెట్టి మరీ చెప్పారు. ఆమె వేషం తీసేసి, మొహం కడుక్కుని, సంచీ సర్దుకుంది. బోరబండ వైపు వెళ్ళే వ్యాన్ గేటు దగ్గర హారన్ కొడుతోంది. ఆమె వ్యాన్ దాకా వెళ్ళి, డ్రైవర్‌తో ఏదో చెప్పి, సంచీతో వెనక్కి వచ్చింది. మనోజ పక్కన ఇంకో కుర్చీ లాక్కుని, గాలికి ఎగరకుండా ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది.

“మీకు ప్యాకప్ చెప్పారు కదమ్మా, వెళ్ళలేదేం?” అని మనోజ అడిగింది.

“చెప్పిండ్రు బిడ్డా. నీకు చెప్పేదాక ఉంట.”